పోయేటప్పుడు బియ్యం, వచ్చేటప్పుడు ఏంటి? యుద్ధానంతర సహాయ విమానాల చరిత్ర వెతికే పద్ధతి

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి పని లేని పైలట్లు వేలల్లో, అక్కర తీరిన సైనిక విమానాలు కూడా వేలల్లో మిగిలాయి. ఈ రెండూ కలిపి చిన్న చిన్న విమాన కంపెనీలు పెట్టిన మాజీ సైనికులు చాలామందే ఉన్నారు, వాటిలో ఎక్కువ శాతం నాలుగైదేళ్ళు కూడా నిలవలేదు. నిలిచినవాటిలో, కరువులో ఉన్న ఊళ్ళకి బియ్యం, మందులు, విత్తనాలు మోసి ఆ పని మీదే పుట్టిన కంపెనీ ఒకటుంది. అదే చైనాలోని క్యాట్. ఇలాంటి కంపెనీల చరిత్ర ఎలా వెతకాలో దీన్నే ఉదాహరణగా పెట్టుకుని చెప్తాను, ఎందుకంటే దీని కాగితాలు బాగా మిగిలాయి, పైగా అవి ఉన్న చోట్లు మన తెలుగువాళ్ళకి చాలా దగ్గర (ఎంత దగ్గరో కాసేపట్లో చెప్తా).

కథ క్లుప్తంగా ఇదీ. క్లెయిర్ షెనాల్ట్ అనే అమెరికన్ 1941–42లో చైనా తరఫున జపాన్‌తో పోరాడిన ఫ్లయింగ్ టైగర్స్ దళానికి నాయకుడు, ఆ తర్వాత అమెరికా పద్నాలుగో వైమానిక దళానికి కమాండర్. యుద్ధం అయ్యాక వైటింగ్ విలావర్ అనే లాయరుతో కలిసి మళ్ళీ చైనా వెళ్ళాడు. అప్పటికి అక్కడ రైలు పట్టాలు పోయాయి, వంతెనలు కూలాయి, రోడ్లు సరిగా లేవు. ఐక్యరాజ్య సమితి సహాయ సంస్థ అన్రా ఓడల్లో పంపిన సరుకు షాంఘై గోదాముల్లో పేరుకుపోతోంది, లోపలి జిల్లాల్లో మాత్రం జనం ఆకలితో చస్తున్నారు. చైనా ప్రభుత్వ సహాయ సంస్థ సీఎన్‌ఆర్‌ఆర్‌ఏతో 1946 అక్టోబర్ 25న వీళ్ళు ఒప్పందం చేసుకున్నారు, మిగులు సైనిక విమానాలు సీ-46లు, సీ-47లు కొన్నారు, 1947 జనవరి చివర్లో షాంఘై నుంచి ఎగరడం మొదలెట్టారు. పైలట్లలో చాలామంది అదే యుద్ధంలో చైనా మీద, హిమాలయాల మీద ఎగిరినవాళ్ళు.

వెతుకులాటలో దిగే ముందు ఒక్క ప్రశ్న రాసి గోడకి అంటించుకోండి: తిరుగు ప్రయాణంలో ఏం తెచ్చారు? వెళ్ళేటప్పుడు ఏం మోశారో అందరూ చెప్తారు, ఫొటోలు కూడా ఉంటాయి, మందుల పెట్టెల పక్కన నవ్వుతూ నిలబడ్డ పైలట్లు. ఖాళీ విమానం వెనక్కి వస్తే కంపెనీ మునిగిపోతుంది, కాబట్టి వెనక్కి వచ్చేటప్పుడు ఏదో ఒకటి ఎక్కించుకోవాలి, ఆ ఏదో ఒకటే కంపెనీని బతికించేది. క్యాట్‌కి ఆ వీలు ఒప్పందంలోనే ఉంది. సహాయ సరుకుకి మొదటి చోటు, తిరుగు లోడు మాత్రం వ్యాపారం చేసుకోవచ్చు. ప్రభుత్వ విమాన కంపెనీలకి కడుపు మండింది కూడా దీని మీదే. లోపలి ఊళ్ళ నుంచి టంగ్ నూనె (రంగులు, వార్నిష్‌లలో వాడే గింజల నూనె), పంది వెంట్రుకలు, తోళ్ళు, పొగాకు లాంటివి రేవులకి చేరితే మంచి ధర పలికే రోజులవి. అందుకే సహాయ సంస్థ కాగితాలు మాత్రమే చదివితే మీకు సగం కథే దొరుకుతుంది, రెండో సగం కంపెనీ లెక్కల పుస్తకాల్లో ఉంటుంది.

పేర్ల గోల ముందు తేల్చుకోండి

ఇక్కడ తికమక పడితే తర్వాత నెలల పని వృథా. క్యాట్ (ఇంగ్లీషు అక్షరాల్లో సీఏటీ) అన్నది మొదట సీఎన్‌ఆర్‌ఆర్‌ఏ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్‌కి పొట్టి పేరు. 1947 చివర్లో సహాయ కార్యక్రమం మూతపడ్డాక అవే అక్షరాలు ఉంచుకుని సివిల్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ అయింది. కాబట్టి 1947 కాగితంలో కనిపించే క్యాట్, 1949 కాగితంలో కనిపించే క్యాట్ కంపెనీగా ఒకటే, పనిగా వేరు. దీనికి తోడు సీఏటీసీ అని ఇంకో కంపెనీ ఉంది, అది చైనా ప్రభుత్వానిది, పోటీదారు. సీఎన్‌ఏసీ అనేది ఇంకోటి, పాన్ అమెరికన్‌కి వాటా ఉన్నది. పాత పత్రికల్లో టైపు చేసేవాళ్ళు సీఏటీ, సీఏటీసీ కలిపేసిన సందర్భాలు మీకు తగులుతాయి, అలాంటి చోట పైలట్ పేరు గానీ విమానం నంబరు గానీ చూస్తే తప్ప తేలదు. ఇక అమెరికాలో ఫ్లయింగ్ టైగర్ లైన్ అని సరుకుల విమాన కంపెనీ ఉండేది, 1945లో రాబర్ట్ ప్రెస్కాట్ పెట్టాడు, అతనూ షెనాల్ట్ దళం మనిషే. కానీ అది పూర్తిగా వేరే కంపెనీ. గూగుల్‌లో ఫ్లయింగ్ టైగర్స్ అని కొడితే మూడూ కలిసి కిచిడీ అయి వస్తాయి.

ఊళ్ళ పేర్లు ఇంకో తలనొప్పి. అప్పటి కాగితాల్లో ముక్డెన్ అని ఉంటే ఇప్పటి షెన్యాంగ్, కాంటన్ అంటే గ్వాంగ్‌జౌ, పైపింగ్ అంటే బీజింగ్, వైహ్సియెన్ అంటే ఇప్పటి వైఫాంగ్ ప్రాంతం. ఒక పట్టిక చేసుకుని పాత పేరు, కొత్త పేరు, చైనీస్ అక్షరాలు మూడూ పక్కపక్కన పెట్టుకోండి, వెతికేటప్పుడు మూడింటితోనూ వెతకండి. చైనీస్ రాకపోయినా ఫరవాలేదు, కంపెనీ చైనీస్ పేరు అక్షరాలు కాపీ చేసి తైవాన్ ఆర్కైవుల (అప్పటి చైనా ప్రభుత్వం 1949లో ఓడిపోయి తైవాన్‌కే వెళ్ళింది) వెబ్‌సైట్లలో పేస్ట్ చేస్తే చాలు, ఫలితాల పట్టిక వస్తుంది, ఆ తర్వాత అనువాదం సంగతి చూసుకోవచ్చు. తేదీలు చైనా రిపబ్లిక్ లెక్కలో ఉంటాయి, 36వ సంవత్సరం అంటే 1947, అంటే 1911 కలపాలి.

తూకాల విషయంలో మరీ జాగ్రత్త. టన్ను అని ఉంటే అమెరికన్ చిన్న టన్నా (907 కిలోలు), బ్రిటిష్ పెద్ద టన్నా (1016 కిలోలు), మెట్రిక్ టన్నా అని అడగాలి. పికల్ అని చైనా కొలత ఒకటి వస్తుంది, పాత లెక్కలో దాదాపు 60 కిలోలు, కొత్త మార్కెట్ లెక్కలో 50. బియ్యం లెక్కల్లో ఈ తేడా చిన్నది కాదు. డబ్బు లెక్క అయితే ఇంకా ఘోరం: 1946 ఆగస్టులో డాలరుకి అధికారిక రేటు 3,350 చైనా డాలర్లు, 1947 ఫిబ్రవరికి 12,000. అంటే క్యాట్ ఒప్పందం మీద సంతకాలు పెట్టినప్పటి రేటు, విమానాలు ఎగరడం మొదలైన కొద్ది వారాలకే మూడు రెట్లు దాటింది. 1948 ఆగస్టులో ఏకంగా 30 లక్షల పాత డాలర్లకి ఒక కొత్త గోల్డ్ యువాన్ ఇచ్చారు. అందుకని చైనా డబ్బులో రాసిన ఏ అంకె పక్కనైనా నెల రాసుకోకపోతే ఆ అంకె ఎందుకూ పనికిరాదు.

కాగితాలు ఎక్కడున్నాయి

ఇప్పుడు చెప్తా ఎంత దగ్గరో. క్యాట్, దాని తర్వాతి రూపం ఎయిర్ అమెరికాల రికార్డులు యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డల్లాస్‌లో, మెక్‌డెర్మాట్ లైబ్రరీ వైమానిక చరిత్ర విభాగంలో ఉన్నాయి. అంటే రిచర్డ్‌సన్‌లో! ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో ఉన్న మనవాళ్ళు వారాంతం బిర్యానీకి వెళ్ళే దూరం. ఆ యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తున్న తెలుగు పిల్లలు రోజూ ఆ భవనంలోనే కూర్చుని అసైన్‌మెంట్లు రాస్తుంటారు, పై అంతస్తుల్లో ఇంత సరుకు ఉందని ఎంతమందికి తెలుసో. షెనాల్ట్ కాగితాలు స్టాన్‌ఫర్డ్‌లోని హూవర్ ఇన్‌స్టిట్యూషన్‌లో, బే ఏరియా వాళ్ళకి పక్కనే. విలావర్ కాగితాలు ప్రిన్స్‌టన్‌లోని మడ్ లైబ్రరీలో, ఎడిసన్ నుంచి కారులో అరగంట చిల్లర. అన్రా కాగితాలు న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి ఆర్కైవుల్లో, ఏజీ-018 అనే గుర్తు కింద. వీటిలో చాలా భాగం స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెట్టారు, కాబట్టి గుంటూరులో కూర్చుని కూడా మొదలెట్టొచ్చు.

ఏది ముందు చూడాలి అంటే, నా మాట అన్రా కాగితాలు. సహాయం ఇచ్చినవాడి కాగితాల్లో ఏం పంపాలనుకున్నారు, ఎంత, ఎక్కడికి అన్నది ఉంటుంది. చైనా కార్యాలయం ఫైళ్ళలో రవాణా, గోదాములు, ప్రాంతీయ కార్యాలయాల నెలసరి నివేదికలు వెతకండి. విమానం అన్న మాట ఫోల్డర్ పేరులో ఉండకపోవచ్చు, హునాన్ ప్రాంతీయ కార్యాలయం నివేదికలో మూడో పేజీలో ఒక్క లైను ఉంటుంది, ఫలానా రోజు మందులు విమానంలో వచ్చాయని. ఆ ఒక్క లైనే మీకు బంగారం, ఎందుకంటే అది రాసినవాడికి విమాన కంపెనీని పొగడాల్సిన అవసరమూ లేదు, తిట్టాల్సిన అవసరమూ లేదు.

అన్రా వాళ్ళు కూడా అమాయకులు కారు. 1946 జూలైలో చైనాలో పనిచేస్తున్న అన్రా ఉద్యోగులు దాదాపు మూడొందల మంది, సరుకు పంపకంలో రాజకీయాలు నడుస్తున్నాయని వాళ్ళ డైరెక్టర్ జనరల్ లా గార్డియాకి టెలిగ్రాం కొట్టారు, ఆ దెబ్బకి చైనాకి సరుకు పంపడం కొన్నాళ్ళు ఆగింది కూడా. అప్పటికి చైనాలో ప్రభుత్వానికీ కమ్యూనిస్టులకీ అంతర్యుద్ధం నడుస్తోంది, సూత్రం ప్రకారం సాయం అన్ని పక్షాల జనానికీ అందాలి. ఆచరణలో కమ్యూనిస్టుల చేతిలో ఉన్న ప్రాంతాలకి చేరింది చాలా కొద్ది భాగం. అటువైపు సహాయ సంస్థ పేరు క్లారా, దాని ఫిర్యాదుల ఉత్తరాలు అన్రా ఫైళ్ళలో ఉంటాయి, తప్పకుండా చదవండి. విమానాలు ఏ ఊళ్ళకి వెళ్ళాయో మ్యాప్ మీద చుక్కలు పెట్టి, ఆ నెలలో ఎవరి చేతిలో ఏ ప్రాంతం ఉందో దాని మీద గీస్తే, ఎవరూ రాయని విషయం మీ కళ్ళ ముందుకి వస్తుంది.

తర్వాత విలావర్ కాగితాలు. ఈయన లాయరు, కాబట్టి ఒప్పందం చిత్తుప్రతులు, అప్పుల తీరు, మంత్రిత్వ శాఖతో గొడవలు ఇక్కడ దొరికే అవకాశం ఎక్కువ. షెనాల్ట్ కాగితాల్లో పెద్దవాళ్ళతో ఉత్తరాలు, ప్రచారం ఎక్కువ. డల్లాస్‌లో మాత్రం రోజువారీ పని: సిబ్బంది, విమానాలు, ఫొటోలు, క్యాట్ బులెటిన్ అనే ఇంటి పత్రిక. ఇంటి పత్రికని తేలిగ్గా తీసేయకండి, నమ్మేయకండి కూడా. కంపెనీ గొప్పల కోసం రాసిన వ్యాసం పక్కనే ఫలానా మెకానిక్ ఫలానా ఊరికి బదిలీ అయ్యాడని నాలుగు లైన్ల వార్త ఉంటుంది, అది అబద్ధం చెప్పడానికి రాసింది కాదు, ఆ ఊళ్ళో అప్పటికి కంపెనీకి స్థావరం ఉందని అదే సాక్ష్యం.

వెళ్ళేముందు ఫైండింగ్ ఎయిడ్ (ఏ బాక్సులో ఏముందో చెప్పే జాబితా) డౌన్‌లోడ్ చేసుకుని బాక్స్, ఫోల్డర్ నంబర్లు రాసుకోండి. చాలాచోట్ల బాక్సులు వేరే గోదాములో ఉంటాయి, కొన్ని రోజుల ముందే అడగకపోతే ఆ రోజు చేతులు ఊపుకుంటూ వెనక్కి రావడమే. లోపల పెన్ను కుదరదు, పెన్సిల్ మాత్రమే. ప్రతి ఫోల్డర్‌లో మొదటి ఫొటో ఫోల్డర్ లేబుల్‌ది తీయండి, ఆ తర్వాతే కాగితాలవి, లేకపోతే ఇంటికొచ్చాక ఫోన్లో ఏ కాగితం ఏ ఫోల్డర్‌దో దేవుడికే తెలియాలి.

ఇంట్లో కూర్చుని చేసే పని

అమెరికా విదేశాంగ శాఖ పాత టెలిగ్రాములు సంపుటాలుగా అచ్చేసి ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టింది, 1946 నుంచి 1949 దాకా చైనా సంపుటాలు చూడండి, షెనాల్ట్ పేరుతో వెతికితే చాలు. అన్రా మూడు సంపుటాల అధికార చరిత్ర 1950లోనే వచ్చింది, పెద్ద లెక్కలకి అది వాడుకోవచ్చు. చైనాకి మొత్తం వచ్చిన సరుకు విలువ 50 కోట్ల డాలర్లు దాటింది, ఆ సముద్రంలో విమానాల్లో వెళ్ళింది చిన్న పాయ అని మర్చిపోకూడదు. బరువైన సరుకుకి ఓడ, పడవ, రైలే గతి. విమానం ఎక్కాల్సింది మందులు, విత్తనాలు, యంత్రాల విడిభాగాలు, మనుషులు.

పత్రికలకి సింగపూర్ వాళ్ళ న్యూస్‌పేపర్ ఎస్‌జీ, ఆస్ట్రేలియా వాళ్ళ ట్రోవ్, న్యూజిలాండ్ వాళ్ళ పేపర్స్ పాస్ట్, మూడూ ఉచితం. న్యూజిలాండ్ ఎందుకు అని అడుగుతారేమో. అక్కడి జనం కోర్సో అనే సహాయ సంస్థ ద్వారా మేలుజాతి గొర్రెల్ని చైనాకి విరాళంగా పంపారు, వాటిని 1947లో వాయవ్యాన ఉన్న లాంజౌకి విమానంలో తీసుకెళ్ళారు, చైనాలో స్థిరపడ్డ న్యూజిలాండ్ మనిషి రివై ఆలీ అక్కడి షాన్‌డాన్ ఊళ్ళో నడిపిన బడి కథలో అవి వస్తాయి. సొంత దేశపు గొర్రెలు విమానమెక్కితే ఆ ఊరి పత్రికలు వదిలిపెడతాయా! ఇచ్చినవాడి ఊరి పత్రిక, మోసినవాడి లాగ్‌బుక్, పుచ్చుకున్నవాడి ఉత్తరం, ఈ మూడూ ఒకే ప్రయాణానికి దొరికితే మీ దగ్గర గట్టి ఉదాహరణ ఉన్నట్టే. సముద్రంలో చేపలన్నీ పట్టక్కర్లేదు, అలాంటివి నాలుగు చాలు.

విమానాన్నే వెంటాడటం ఇంకో దారి, నాకు బాగా ఇష్టమైన దారి. మనిషి పేరు మార్చుకోవచ్చు, కంపెనీ పేరు మార్చుకోవచ్చు, విమానం ఫ్యాక్టరీలో పొందిన తయారీ నంబరు మాత్రం మారదు. సైన్యంలో ఒక సీరియల్, చైనాలో ఎక్స్‌టీ అక్షరాలతో రిజిస్ట్రేషన్, తర్వాత అమెరికన్ ఎన్ నంబరు లేదా తైవాన్ బీ నంబరు. ఫొటోలో తోక మీద నంబరు కనిపిస్తే తయారీ నంబరు పట్టుకోండి, అక్కడ్నుంచి అది ఎక్కడ కొన్నారు, ఎప్పుడు కూలింది, ఎవరికి అమ్మారు అన్నీ వస్తాయి. ఎక్స్‌టీ ఉంటే 1949కి ముందరి కాలమని ఒక అంచనాకి కూడా రావచ్చు. మోత బరువు గుర్తుంచుకోండి: సీ-47 అయితే రెండున్నర మూడు టన్నులు, సీ-46 అయితే ఐదు టన్నుల దాకా, కొన్నిసార్లు కొంచెం ఎక్కువ. ఎవరైనా ఒక్క ట్రిప్పులో సీ-46లో ఇరవై టన్నులు మోశామని జ్ఞాపకాల్లో రాస్తే, మొత్తం వారం లెక్క చెప్తున్నారో, గొప్పలు పోతున్నారో చూసుకోవాలి.

పాత పైలట్ల మౌఖిక కథనాలు డల్లాస్‌లో ఉన్నాయి, అన్రా వైపు మనుషులవి ట్రూమన్ లైబ్రరీలో కొన్ని దొరుకుతాయి. వాతావరణం, రన్‌వే, భయం, తాగుడు, జీతం గురించి వీళ్ళు చెప్పేది నమ్మొచ్చు. తేదీలు, టన్నులు మాత్రం నమ్మకండి. ఇంకో సంగతి, ఈ కథనాల్లో చైనా మెకానిక్‌లు, రేడియో ఆపరేటర్లు, లోడు ఎత్తిన కూలీలు పేరు లేకుండా పోతారు. వాళ్ళ పేర్లు జీతాల పట్టికల్లో ఉంటాయి, బులెటిన్ ఫొటోల కింద ఉంటాయి, రాసుకోండి.

సాయమా, యుద్ధమా

అసలు చిక్కు 1948లో మొదలవుతుంది. సహాయ కార్యక్రమం అయిపోయింది, అంతర్యుద్ధం ముదిరింది, ప్రభుత్వం చేతిలో ఉన్న నగరాల్ని కమ్యూనిస్టు సైన్యం చుట్టుముడుతోంది. వైహ్సియెన్ 1948 ఏప్రిల్లో, ముక్డెన్ నవంబర్లో, తైయువాన్ 1949 ఏప్రిల్ 24న పడిపోయాయి. ఈ ముట్టడి నగరాలకి క్యాట్ విమానాలు బియ్యం మోశాయి, మనుషుల్ని బయటికి తెచ్చాయి. ఇది మానవతా సాయమేనా? తైయువాన్‌లో ప్రభుత్వం వైపు ఉన్న ఆ ప్రాంత పాలకుడు యాన్ షీషాన్ సైన్యమూ ఉంది, మామూలు జనమూ ఉన్నారు, బస్తా మీద ఎవరి పేరూ రాసి ఉండదు. నేనైతే ఆ మాట మీద కొట్టుకోను, మూడు విషయాలు వెతుకుతాను: డబ్బు ఎవరిచ్చారు, నేల మీద బస్తా ఎవరి చేతికి వెళ్ళింది, తిరుగు ప్రయాణంలో ఎవరు ఎక్కారు. 1947లో అన్రా డబ్బుతో వెళ్ళిన మందుల పెట్టెకీ, 1949లో యాన్ షీషాన్ కోసం వెళ్ళిన బియ్యం బస్తాకీ ఈ మూడు జవాబులూ వేరుగా వస్తాయి, విమానం అదే అయినా, పైలట్ అదే అయినా.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా ఉంది, ఈ రోజుల్లో అదే ఎక్కువ. 1950లో సీఐఏ ఈ కంపెనీని కొనేసింది, 1959లో అది ఎయిర్ అమెరికా అయింది, వియత్నాం, లావోస్ కథలు అందరికీ తెలిసినవే. దాంతో యూట్యూబ్‌లో చాలామంది మొదటి రోజు నుంచీ ఇది గూఢచారుల కంపెనీయే అని తేల్చేస్తారు. 1950లో కొన్నదాన్ని 1947కి అంటించడానికి కాగితం కావాలి కదా. 2009లో డల్లాస్ యూనివర్సిటీలో సదస్సు పెట్టి సీఐఏ వేల పేజీలు బయటపెట్టింది, వాళ్ళ ఆన్‌లైన్ రీడింగ్ రూంలో ఉన్నాయి, నల్ల గీతలు కొట్టినవి కొన్ని ఉన్నా సరే. ఆ కాగితాల్లో తేదీలు చూసుకుంటూ చదవండి, 1949 నాటికి కంపెనీ ఎంత అప్పుల్లో ఉందో, ఎందుకు కొనేవాడి కోసం వెతుక్కుందో చదివితే గూఢచర్యం కంటే తిరుగు లోడు లేకపోవడమే అసలు కథలా కనిపిస్తుంది. చైనా ప్రధాన భూభాగం కమ్యూనిస్టుల చేతికి వెళ్ళాక లోపలి ఊళ్ళ నుంచి తెచ్చే సరుకే లేదు మరి.

మన దగ్గరా ఇదే పద్ధతి

చైనా మరీ దూరం అనుకుంటే బేగంపేట నుంచి మొదలెట్టండి. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా యుద్ధం మిగులు డకోటాల మీదే నడిచింది, డకోటా అంటే పైన చెప్పిన సీ-47 కుటుంబమే. 1947లో దేశ విభజన శరణార్థుల తరలింపుకీ, ఆ వెంటనే కశ్మీరుకి సైనికుల్ని చేర్చడానికీ దేశంలోని ప్రైవేటు కంపెనీల డకోటాలని వాడారు, 1953లో ఈ కంపెనీలన్నీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి. మాజీ సైనికుల కంపెనీ కాదు గానీ ప్రశ్నలు అవే: ఎవరు డబ్బు కట్టారు, ఎవర్ని ఎక్కించారు, ఎవర్ని వదిలేశారు. తార్నాకలోని తెలంగాణ ఆర్కైవ్స్‌లో నిజాం ప్రభుత్వ ఫైళ్ళు ఉన్నాయి, చాలావరకు ఉర్దూలో, కాబట్టి ఉర్దూ చదవగలిగిన స్నేహితుణ్ణి ముందే పట్టుకోండి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్లో కంపెనీ పేరు, డకోటా, ఇవాక్యుయేషన్ అనే మాటలు ఇంగ్లీషులో విడివిడిగా కొట్టి చూడండి, స్కాన్ చేసినవి అక్కడే తెరుచుకుంటాయి.

ఏ ఆర్కైవుకి రాసినా మెయిల్‌లో విమానాల గురించి ఏమైనా ఉందా అని అడగొద్దు, మర్యాదగా జవాబిస్తారు, ఉపయోగం ఉండదు. కంపెనీ పేరు, నెలలు, ఊరు, సరుకు రాసి, ఫలానా సిరీస్‌లో ఫలానా బాక్స్ చూశాను, రవాణా బిల్లులు వేరే సిరీస్‌లో ఉన్నాయా అని అడగండి. వేబిల్లులు (సరుకు రవాణా పత్రాలు), లోడ్ షీట్లు (విమానంలో ఎక్కించినవాటి పట్టికలు), బీమా క్లెయిములు, ఈ మూడు మాటలూ తప్పకుండా పెట్టండి. బీమా క్లెయిము ముఖ్యంగా, ఎందుకంటే విమానం కూలినప్పుడు లోపల ఏం ఉందో డబ్బు కోసం ఒక్కో వస్తువూ రాయాల్సి వస్తుంది, తిరుగు లోడు దాక్కోలేని కాగితం అదొక్కటే.